ఉమ్మడి వృక్షంగా చింత: తెలుగు సాంఘిక చరిత్రలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

తెలుగువారి వంటలో చింతపండుకు ఉన్న స్థానం అందరికీ తెలిసినదే. తెలుగువారి సాంఘిక చరిత్రలో చింతచెట్టుకు ఉన్న స్థానం మీద మాత్రం చర్చ తక్కువ. చింత తెలుగునేల మీద ప్రధానంగా ఇంటి చెట్టుగా కాక ఊరి చెట్టుగా, ఉమ్మడి చెట్టుగా పెరిగిందనీ, దాని చరిత్రను ఆ ఉమ్మడితనం నుంచే చదవాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు భాష, ఊరి పేర్లు, ఆముక్తమాల్యద, తాడిపత్రి, బనగానపల్లె స్థల సంప్రదాయాలు, 1908 నాటి మూసీ వరద, మన్యంలో చింతపండు సేకరణ అనే ఆకరాలను వరుసగా పరిశీలిస్తుంది. చింత సరుకుగా నిలిచి చెట్టుగా కనుమరుగవుతున్న నేటి స్థితిని ఆ వెలుగులో చర్చిస్తుంది.

కీలక పదాలు: చింత, ఉమ్మడి వనరులు, సాంఘిక చరిత్ర, స్థలనామాలు, ఆముక్తమాల్యద, మూసీ వరద, హైదరాబాద్.

1. ఉపోద్ఘాతం

హైదరాబాద్ పశ్చిమ భాగంలోని ఎర్రగడ్డ పేరులో ఆ నేల రంగు, దాని మెరక కూడా దాగి ఉన్నాయి. పేరులోని ఆ మిట్ట ఇప్పుడు రోడ్లు, ఆసుపత్రులు, మెట్రో స్తంభాల మధ్య పోల్చుకోలేనంతగా మారిపోయింది. 1999 జనవరిలో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుబజార్ల వ్యవస్థను ప్రారంభించింది. ఆ వ్యవస్థలో ఎర్రగడ్డ రైతుబజారు నగరవాసులకు బాగా పరిచయమైన అంగడిగా స్థిరపడింది. అటు సనత్‌నగర్ కార్మికవాడల నుంచీ, ఇటు సినీపరిశ్రమ స్థిరపడిన జూబ్లీహిల్స్ వైపు నుంచీ కొనుగోలుదారులు ఇక్కడికి వస్తారు.

ఇటువంటి అంగడిలో ఏడాది పొడవునా చింత ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. శీతకాలంలో పచ్చి చింతకాయ, మాఘ ఫాల్గుణాల్లో కొత్త చింతపండు, ఎండలు ముదిరే వేళకు చింతచిగురు వస్తాయి. ఒకే చెట్టు ఆకు, పువ్వు, కాయ, పండు, గింజ అన్నీ మనిషికి ఉపయోగపడటం అరుదు. కొనేవారికి కనిపించేది మాత్రం కుప్పపోసిన చిగురు, ముద్దగా కట్టిన పండు. ఆ చిగురు దూసిన చెట్టు ఎక్కడ ఉందో, ఎవరిదో అంగడిలో తెలియదు.

ఈ వ్యాసం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. చింతచెట్టు ఎవరిది? వృక్షశాస్త్రం, ఆహారచరిత్ర, వాణిజ్యశాస్త్రం చింతను తమ తమ కోణాల్లో వివరిస్తాయి. చెట్టు ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం సాంఘిక చరిత్రలోనే వెతకాలి. ఆ సమాధానాన్ని బట్టే, నేడు దారివెంట కూలుతున్న ప్రతి చింతతో పోతున్నది ఏమిటో తేలుతుంది.

2. పేరు చెప్పే చరిత్ర

చింత పుట్టినిల్లు ఉష్ణమండల ఆఫ్రికా అని వృక్షశాస్త్రజ్ఞుల నిర్ణయం. ఉపఖండానికి అది ఎంత తొలికాలంలో చేరిందంటే, ఇక్కడి చెట్టేనని లోకం పొరబడింది. అరబ్బులు దాని పండును ‘తమర్ హిందీ’, అంటే హిందూదేశపు ఖర్జూరం అన్నారు. ఐరోపా భాషల్లోని ‘టామరిండ్’ అందులోంచి వచ్చింది. 1753లో లిన్నేయస్ ‘టామరిండస్ ఇండికా’ అనే శాస్త్రీయనామంతో ఆ పొరపాటును స్థిరపరిచాడు. ఆఫ్రికా చెట్టుకు అరబ్బీ మాట ద్వారా భారతదేశం పేరు పడింది.

తెలుగు ఈ దారిలో నడవలేదు. తమిళ, మలయాళాలు ఈ చెట్టును దాని రుచిని బట్టి ‘పులి’ అన్నాయి. కన్నడ ‘హుణిసె’ కూడా పులుపును చెప్పే ధాతువు నుంచే వచ్చింది. హిందీ, ఉర్దూల్లోని ‘ఇమ్లీ’ సంస్కృతంలో పులుపును సూచించే ‘అమ్లికా’కు వికృతి. ఇవన్నీ రుచిపేర్లే. తెలుగు మాత్రం ‘పులి’ ధాతువును పులుపు, పులుసు, పులిహోర అనే మాటల్లో, అంటే రుచికీ వంటకూ నిలుపుకొని, చెట్టుకు ‘చింత’ అనే వేరు పేరు వాడింది. కొలామీ వంటి సోదర ద్రావిడ భాషల్లో దీనికి జ్ఞాతిపదాలు కనిపిస్తాయి. అందుచేత ఈ పదం దక్కను మధ్యభాగంలోని వ్యవసాయ, అటవీ సమాజాల ఉమ్మడి సొత్తు అని భావించవచ్చు. సంస్కృతం నుంచి వచ్చిన ‘చింత’, అంటే దుఃఖం, ఆలోచన అనే మాటతో దీనికి ధ్వనిసామ్యమే తప్ప సంబంధం లేదు.

చెట్టుకు ప్రత్యేకమైన పేరు ఉండటం వల్ల ఊళ్ల పేర్లలో చింత స్పష్టంగా కనబడుతుంది. చింతలపూడి, చింతపల్లి, చింతకాని వంటి గ్రామనామాలు, చింతా, చింతల, చింతలపాటి వంటి ఇంటిపేర్లు ఇందుకు నిదర్శనాలు. హైదరాబాద్ నగరపటమే చిన్న చింతతోపు. చింతల్, చింతల్‌కుంట, ఖైరతాబాద్ దగ్గరి చింతల్‌బస్తీ తెలుగు పేర్లు మోస్తున్నాయి. మూసీ నడుమ 1994లో ప్రారంభమైన మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌ను నగరం నేటికీ ‘ఇమ్లీబన్’ అనే పిలుస్తుంది. ‘ఇమ్లీబన్’ అంటే చింతవనం. రెండు భాషలూ ఒకే చెట్టును గుర్తుపెట్టుకున్న నగరం ఇది. ‘చింతల్‌బస్తీ’లో తెలుగు చెట్టు, ఉర్దూ వాడ ఒకే మాటలో కలిసిపోయాయి. ఒక చోటికి చెట్టు పేరు పెట్టారంటే అది బాటసారికి గుర్తుగా, అందరి కంటికీ ఆనేలా నిలిచి ఉండాలి. ఇంటి పెరటిలోని చెట్టు సాధారణంగా ఊరికి పేరు కాలేదు.

3. ఇంటికి దూరం, ఊరికి దగ్గర

చింతచెట్టు కింద రాత్రివేళ పడుకోరాదనీ, దాని మీద దయ్యాలుంటాయనీ, ఇంటి ఆవరణలో చింత నాటరాదనీ తెలుగునాట బలమైన నమ్మకాలున్నాయి. వీటిని కేవలం మూఢవిశ్వాసాలుగా కొట్టివేయడం కంటే, అవి సమాజంలో చేసిన పనేమిటో చూడటం చరిత్రకారునికి అవసరం. చింత ఇరవై మీటర్లకు పైగా పెరుగుతుంది. కొమ్మలు విశాలంగా పరుచుకుంటాయి. దట్టమైన నీడ కింద పైరు సరిగా ఎదగదు. ఇంటి గోడకు గానీ, సాగుచేసే మడికి గానీ అది అనువైన పొరుగు కాదు. పైగా నాటినవాడు కాపు చూడటానికి ఏళ్లు పడుతుంది. చెట్టు మాత్రం వందేళ్లు దాటి బతుకుతుంది. ఒక తరం నాటితే మరో తరం తింటుంది.

నమ్మకం, ప్రయోజనం రెండూ కలిసి చింతను ఇంటి నుంచి దూరంగా, చెరువుగట్టుకు, ఊరి పొలిమేరకు, బాటల అంచుకు, సంతమైదానానికి చేర్చాయి. అక్కడ అది ఎవరి సొంతమూ కాక అందరిదీ అయింది. ఎండలో బాటసారికి నీడ, పశువులకు విశ్రాంతి, సంతకు పందిరి, పిల్లలకు ఆటస్థలం అదే. గ్రామ పంచాయతీలు, దేవాలయాలు ఏటా ఈ చెట్ల ఫలసాయాన్ని వేలం వేసి ఆదాయం పొందే ఆచారం ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో ఇప్పటికీ ఉంది.

అయితే ఈ ఉమ్మడితనాన్ని సమానత్వంగా పొరబడరాదు. వేలం పాడగలిగినది డబ్బున్నవాడు. చెట్టెక్కి కొమ్మ దులిపినది కూలివాడు. రాలిన కాయ ఏరి, పెంకు కొట్టి, ఈనె తీసి, గింజ వేరుచేసినది ఎక్కువగా స్త్రీలు. పండు మీద హక్కు వేలంలో ఒకరికి పోయినా చిగురు, పువ్వు, రాలిన కాయ మాత్రం సాధారణంగా వేలం లెక్కలోకి రాలేదు. వాటిని దూసుకుపోయిన పేద ఇంటి ఇల్లాలిని అడిగినవారు తక్కువ. ఒకే చెట్టుకు రెండు రకాల హక్కులు ఇలా పక్కపక్కనే నడిచాయి. పండు సొమ్ముగా లెక్కకు వచ్చింది, ఆకు కూడుగా లెక్కకు బయట మిగిలింది. లెక్కకు రానిది దస్తావేజులకూ ఎక్కదు. చింత చరిత్రకు శాసనాలు, కవిలెకట్టల కంటే సామెతలు, వంటలు, కావ్యాలు ఎక్కువ ఆధారమవడానికి కారణమిదే.

‘చింత చచ్చినా పులుపు చావదు’ అనే సామెత వెనుక ఉన్న పరిశీలన కూడా గమనించదగినది. చాలా పండ్లు పక్వమయ్యేకొద్దీ వాటి ఆమ్లం తగ్గి తీపి మిగులుతుంది. చింతలోని టార్టారిక్ ఆమ్లం పండు ముదిరినా అలాగే నిలుస్తుంది. చక్కెర పెరిగినా పులుపు పోదు. రసాయనశాస్త్రం పేరుపెట్టి చెప్పిన ఈ గుణాన్ని తెలుగు నాలుక ముందే గుర్తించి, దానిని మనిషి పట్టుదలకు పోలికగా వాడుకుంది.

4. ఆముక్తమాల్యదలోని ఆకుకూర

కావ్యాల్లో భోజనవర్ణనలు సాధారణంగా విందుల వర్ణనలు. అందువల్ల సామాన్యుని కంచం వాటిలో అరుదుగా కనిపిస్తుంది. ఈ నియమానికి మినహాయింపుగా నిలిచిన పద్యం ఒకటి 16వ శతాబ్ది తొలిపాదంలో శ్రీకృష్ణదేవరాయలు రచించిన ఆముక్తమాల్యదలో, చతుర్థాశ్వాసంలోని వర్షర్తువర్ణనలో ఉంది. ముసురు పట్టిన రోజుల్లో రెడ్లు వేడివేడి ఆరికల అన్నాన్ని ఆకుకూరల వేపుడుతో తిని, మేక పెంటికల నిప్పు ఉన్న కుంపటి దగ్గర మంచమెక్కిన దృశ్యాన్ని రాయలు అందులో చిత్రించారు. ఆకుకూరల జాబితాలో గురుగు, చెంచలి, తుమ్మి, తగిరిసలతో పాటు చింతచిగురు ఉంది. కవి దానిని ‘తింత్రిణి’ అనే సంస్కృతపదంతో చెప్పారు.

తెలుగు సాంఘిక చరిత్ర రచనకు ఆముక్తమాల్యద ముఖ్యమైన ఆకరమని సురవరం ప్రతాపరెడ్డి 1949 నాటి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ద్వారా నిరూపించారు. ఆ గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆయన చూపిన దారిలోనే ఈ పద్యాన్ని మరో అడుగు ముందుకు చదవవచ్చు. జాబితాలోని అయిదు ఆకుల్లో ఏదీ మడికట్టి పెంచినది కాదు. గురుగు, చెంచలి, తుమ్మి, తగిరిస వానలకు చేలగట్ల మీద, బంజరులో తమంత తాముగా మొలిచేవి. చింతచిగురు ఊరి చెట్టుది. తోటకూర, బచ్చలి వంటి పెరటి కూరలు ఈ పద్యంలో లేవు. గింజ సాగుభూమి నుంచి, కూర ఉమ్మడి భూమి నుంచి వచ్చాయి.

తినేవారు కూలీలు కారు, రెడ్లు. గ్రామంలో పెత్తనం కలిగినవారి ముసురునాటి కంచంలో కూడా ఉమ్మడి వనరులే కూరగా నిలిచాయంటే, లేనివారి కంచంలో వాటి వంతు ఎంత పెద్దదై ఉంటుందో ఊహించడం కష్టం కాదు. కరవు కాలాల్లో పేదలు చింతగింజల పైపొట్టు తీసి, పిండిగా విసిరి, అంబలి కాచుకునేవారన్న జ్ఞాపకం గ్రామాల్లో నిలిచి ఉంది. పాలకుడైన కవి ఎత్తైన చోటు నుంచి చూసిన దృశ్యం ఇది కాబట్టి ఇందులో కొంత హాస్యం, కొంత దూరం ఉన్నాయి. అయినా ఆకుల పేర్లు చెప్పిన తీరులో ఆ వంటింటి పరిచయం స్పష్టం.

5. చింతమాను: సంప్రదాయం అప్పగించిన కాపలా

ఊరి చెట్టు మీద ఊరి విశ్వాసం నిలుస్తుంది. రాయలసీమలోని రెండు స్థలాలు ఈ విషయాన్ని నిరూపిస్తాయి. అనంతపురం జిల్లా తాడిపత్రిలో, విజయనగర సామంతులైన పెమ్మసాని నాయకుల కాలంలో, 16వ శతాబ్దిలో వెలసిన వైష్ణవాలయ దేవుని పేరు ‘చింతల వెంకటరమణుడు’. మూలమూర్తి చింతచెట్టులో వెలసినందున ఆ పేరు వచ్చిందని స్థలపురాణం. రాతి రథం, రామాయణ శిల్పాలతో ప్రసిద్ధికెక్కిన ఆ ఆలయంలో రాజపోషణ, శిల్పకౌశలం అన్నీ ఉన్నా, దేవుడు తన పేరులో మాత్రం చెట్టును వదులుకోలేదు.

రెండవది నంద్యాల జిల్లా బనగానపల్లెలోని చింతమాను మఠం. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాచిన కాలంలో కాలజ్ఞానం రచించారనీ, ఆ తాళపత్రాలను అక్కడే భూమిలో నిక్షిప్తం చేసి పైన చింతమొక్క నాటారనీ భక్తుల సంప్రదాయం. పాతిపెట్టిన గ్రంథానికి కాపలాగా ఇక్కడ రాతిని గానీ, ఇనుపపెట్టెను గానీ కథ ఎన్నుకోలేదు. తరతరాలు బతికే చెట్టును, ఎవరూ తమదని నరకడానికి సాహసించని చెట్టును ఎన్నుకుంది. ఈ కథను చారిత్రక ఘటనగా నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. చింతను దీర్ఘకాలపు జ్ఞాపకానికి ధర్మకర్తగా సమాజం ఊహించిందన్నది ఇక్కడ ముఖ్యం.

గింజ విషయంలో కూడా ఈ ధర్మకర్తృత్వం కనిపిస్తుంది. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ చిత్రకారులు ఖాదీగుడ్డను చిత్రానికి సిద్ధం చేయడానికి బియ్యపు గంజి, సుద్దమట్టి, జిగురులతో పాటు ఉడికించిన చింతగింజల ముద్దను పట్టిస్తారు. కులపురాణాలు చెప్పే కథకులు ఊరూరా విప్పి చూపిన పటాలు ఆ పూత మీదే నిలిచాయి. చేర్యాల మాస్కులకూ, కొండపల్లి బొమ్మల అతుకులకూ రంపపుపొట్టుతో కలిపిన చింతగింజ జిగురే ఆధారం. వామనగుంటలలో పిక్కలుగానూ, ఒకవైపు అరగదీస్తే అష్టాచెమ్మాలో పాచికలుగానూ అవే గింజలు పనికివచ్చాయి. పండు తిన్నాక పారవేసే గింజ ఇలా కళకూ ఆటకూ ముడిసరుకైంది.

6. 1908 సెప్టెంబరు 28

పైన చెప్పిన ఉమ్మడితనం ఒక్క రోజులో, ఒక్క చెట్టులో కళ్లకు కట్టిన సందర్భం హైదరాబాద్ చరిత్రలో ఉంది. 1908 సెప్టెంబరు 28న ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పాలనలో మూసీకి వచ్చిన వరద నగర చరిత్రలోనే అత్యంత ఘోరమైనది. మూసీ పరీవాహక ప్రాంతంలోని 788 చెరువుల్లో 221 తెగిపోయాయని తరువాత వరదను అధ్యయనం చేసిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య తన జ్ఞాపకాల్లో పేర్కొన్నారు. ఎగువ చెరువు తెగి దిగువ చెరువు మీద పడటంతో నీరు గొలుసుగా నగరం మీదికి వచ్చింది. మృతుల సంఖ్య సుమారు 15,000 అని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కుమార్తెను ఆ వరదలో పోగొట్టుకుని తానొక్కడే మిగిలారు.

ఆ రోజు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ప్రాంతంలో ఉన్న ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. భవనాలు కూలిన చోట చెట్టు నిలిచింది. చింత వేళ్లు లోతుగా, విశాలంగా పాతుకుంటాయి. కొమ్మలు గట్టివి, సులభంగా విరగవు. గాలివానకు ఓర్చే ఈ గుణం వల్లనే బాటల వెంట దానిని నాటేవారు. అయితే చెట్టు బలం ఒక్కటే ఆ 150 మందిని కాపాడలేదు. అది గోడల లోపలి ప్రాంగణంలో కాక, అందరూ పరుగెత్తి చేరగల బయలులో ఉంది. అక్కడ ఎక్కడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. తలుపు లేని ఆశ్రయం కావడమే దాని విలువ.

ఈ విపత్తు తరువాత నగరం కొత్త రూపం దాల్చింది. విశ్వేశ్వరయ్య సూచనలతో ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. వరదలో దెబ్బతిన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రికి బదులుగా ఉస్మానియా ఆసుపత్రి భవనం 1925 నాటికి లేచింది. జలాశయాలు, మండలి, ఆసుపత్రి ప్రభుత్వం ఇచ్చిన సమాధానాలు. చింతచెట్టు అవేవీ లేని రోజున దొరికిన సమాధానం. ఉస్మానియా ఆవరణలో ఆ చెట్టు నేటికీ ఉంది. ఏటా సెప్టెంబరు 28న పౌరసంఘాలవారు, చరిత్రాభిమానులు దాని కింద చేరి మృతులను స్మరించుకుంటారు. ఆసుపత్రి కొత్త భవనాలకు 2025 జనవరిలో గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. ఆసుపత్రి స్థలం మారినా చెట్టు స్థలం మారదు. అందువల్ల పాత ఆవరణ భవిష్యత్తు గురించి జరిగే ప్రతి ఆలోచనలోనూ ఈ చెట్టుకు స్థానం ఉండాలి.

7. మన్యం నుంచి మార్కెట్ వరకు

నగరంలో ఒక చెట్టు స్మారకమైతే, మన్యంలో చింత జీవనాధారం. నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి పేరులోనే చెట్టు ఉంది. 1922 ఆగస్టు 22న అల్లూరి దళం దాడి చేసిన మొదటి పోలీస్‌స్టేషన్ ఈ చింతపల్లిదే. 1882 నాటి మద్రాసు అటవీచట్టం పోడు వ్యవసాయాన్నీ, అడవి మీద గిరిజనుల సంప్రదాయ హక్కులనూ కట్టడి చేయడం ఆ తిరుగుబాటు వెనుక ఉన్న ముఖ్య కారణాల్లో ఒకటి. అడవి ఎవరిదన్న ఆ ప్రశ్నలో అడవి చెట్టు ఎవరిదన్న ప్రశ్న ఇమిడి ఉంది.

స్వాతంత్ర్యానంతరం ఆ ప్రశ్నకు రాజ్యం వేరువేరు సమాధానాలిచ్చింది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. దళారుల దోపిడీని అరికట్టడానికి షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఫలసాయాల కొనుగోలుపై దానికి 1979 నాటి నిబంధన గుత్తాధికారం ఇచ్చింది. సంస్థ కొనే సరుకుల్లో చింతపండు ప్రధానమైనది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఈ ఫలసాయాల మీద అటవీవాసులకు యాజమాన్యహక్కును గుర్తించింది. 2013-14లో కేంద్రం చిన్నతరహా అటవీ ఫలసాయాలకు ప్రారంభించిన కనీస మద్దతు ధర పథకంలో చింతపండు చేరింది. ఏరుకునే అనుమతి నుంచి హక్కు దాకా సాగిన ఈ ప్రయాణానికి నూటపాతికేళ్లు పట్టింది.

మైదానంలో దీనికి భిన్నమైన పరిణామం కనిపిస్తుంది. సుగంధ ద్రవ్యాల బోర్డు చట్టం (1986) జాబితాలోని 52 ద్రవ్యాల్లో చింతపండు ఒకటి. హిందూపురం మార్కెట్‌లో దానిని ‘కరిపులి’, ‘ఫ్లవర్’ అనే రకాలుగా వేరుచేసి వేలం వేస్తారు. అనంతపురం ఉద్యాన పరిశోధనాస్థానం ‘తెట్టు అమాలిక’, ‘అనంత రుధిర’ వంటి రకాలను వెలుగులోకి తెచ్చింది. అంటుమొక్కలు త్వరగా కాపుకు వస్తాయి కనుక మెట్టరైతు చింతను సొంత తోటగా నాటుకోవడం సాధ్యమైంది. కరవుసీమ రైతుకు ఇది నిజమైన మేలు. అదే సమయంలో ఇది చింత చరిత్రలో పెద్ద మలుపు కూడా. తాత నాటి మనుమడు తిన్న ఊరి చెట్టు, నాటినవాడే కోసుకునే తోటపంటగా మారుతోంది. పండు దిగుబడి పెరగవచ్చు. చిగురు దూసుకునే పొరుగింటి ఇల్లాలికి ఆ తోట కంచె లోపల చోటుంటుందా అన్నది వేరే ప్రశ్న.

8. లెక్కకు రాని నష్టం

రహదారుల విస్తరణలో ముందుగా పోయేది బాట అంచున ఉన్న చెట్టు. బాట అంచునే చింతను నాటారు కనుక ఆ నష్టం ఎక్కువగా దాని మీదే పడుతుంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం చెట్ల కొట్టివేతకు అనుమతిని తప్పనిసరి చేసింది. కొట్టినదానికి బదులు మొక్కలు నాటే పద్ధతి కూడా అమల్లో ఉంది. ఈ పద్ధతి చెట్లను సంఖ్యగా లెక్కిస్తుంది. నూరేళ్ల చింతకు బదులు నాటిన మొక్క ఆ నీడను, ఆ కాపును ఇవ్వడానికి తరాలు పడుతుంది. ఆ చెట్టు మీద ఊరికి ఉన్న హక్కులు, ఆ చెట్టు చుట్టూ అల్లుకున్న పేర్లు, కథలు ఏ నష్టపరిహార పట్టికలోనూ లేవు.

దీనికి మరో దారి ఉందని పొరుగు రాష్ట్రం చూపింది. కర్ణాటకలో దేవనహళ్లి సమీపంలోని నల్లూరు చింతతోపును 2007లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో ఆ హోదా పొందిన మొదటి స్థలం అదే. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కల్పించిన ఆ హోదా ఒక చింతతోపుతో మొదలవడం యాదృచ్ఛికమే కావచ్చు, కానీ సముచితం. తెలుగు రాష్ట్రాల్లో చెరువుగట్ల మీద, ఊరి మొదళ్లలో, పాత బాటల వెంట మిగిలిన వృద్ధ చింతలను వయసు, స్థలనామం, స్థానిక కథ, ఫలసాయ హక్కులతో సహా నమోదు చేసే పని ఇంకా జరగవలసి ఉంది. ఈ పనిని అటవీశాఖకో వృక్షశాస్త్రవేత్తకో మాత్రమే విడిచిపెట్టలేం. చెట్టు కొలతలు వారు తీయగలరు. దాని పేరు, కథ, సామెత, వేలంపాట పద్ధతి నమోదు చేయవలసినది తెలుగు శాఖలు, చరిత్ర శాఖలు. ప్రతి కళాశాల తన చుట్టూ ఉన్న పది ఊళ్ల చెట్లను నమోదు చేసినా అది ఒక కొత్త ఆకరగ్రంథమవుతుంది.

9. ముగింపు

పై పరిశీలన నుంచి తేలే అంశాలు:

అ) తెలుగు భాష చింతను రుచితో కాక చెట్టుగానే గుర్తించింది. స్థలనామాలు అందుకు బలమైన సాక్ష్యం.

ఆ) ఇంటి దగ్గర నాటరాదన్న విశ్వాసం, చెట్టు స్వభావం కలిసి చింతను ఉమ్మడి స్థలాలకు చేర్చాయి. పండు మీద వేలంహక్కు, చిగురు మీద పేదల వాడుకహక్కు పక్కపక్కన నడిచాయి.

ఇ) ఆముక్తమాల్యదలోని ముసురునాటి కంచం 16వ శతాబ్దిలో ఉమ్మడి వనరుల ప్రాధాన్యాన్ని తెలిపే సాహిత్యాధారం.

ఈ) 1908 వరదలో అఫ్జల్‌గంజ్ చింత కాపాడిన ప్రాణాలు ఆ ఉమ్మడితనానికి చారిత్రక నిరూపణ.

ఉ) నేడు చింత సరుకుగా విస్తరిస్తోంది, ఊరి చెట్టుగా కుంచించుకుపోతోంది. ఈ రెండు పరిణామాలనూ కలిపి చూడాలి.

ఎర్రగడ్డ రైతుబజారులో వేసవి ఉదయం తూకానికి వచ్చే చింతచిగురు ఒకప్పుడు తూకమెరుగని ఆకు. దానికి ధర రావడం దూసి తెచ్చిన చేతులకు మేలే. అయితే ఆ చిగురు రావాలంటే ఎక్కడో ఒక గట్టు మీద, ఒక పొలిమేరలో, ఎవరూ తమదని కొట్టివేయని చెట్టు ఉండాలి. ఇమ్లీబన్‌లో చింతవనం పోయి పేరు మిగిలింది. ఉస్మానియాలో మాత్రం చెట్టే మిగిలింది. మిగతా తెలుగు ఊళ్లలో ఈ రెండింటిలో ఏది మిగలాలో నిర్ణయించుకునే వ్యవధి ఇంకా ఉంది.